మూడో మెట్టుకి చుట్టిన తాడు

యాజ్లీ పడవలోంచి తాడు విసిరాడు. రేవు మీద తొమ్మిదిమంది మగాళ్లం నిలబడి ఉండి కూడా ఒక్కరమూ దాన్ని పట్టుకోలేదు. తాడు కొస రాళ్ల మీద పడింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత మెల్లగా జారి నీళ్లలోకి పోయింది. మా అక్‌బురున్‌లో ఫలానా మనిషిని వెలేశాం అని ఎవరూ నోటితో అనరు. అతను విసిరిన తాడు అందుకోరు, అంతే. ఆ తొమ్మిదిమందిలో తాడుకి అందరికంటే దగ్గరగా ఉన్నది నేనే. చెయ్యి చాస్తే అందేది.

దానికి పదకొండేళ్ల ముందు మా హెమ్రా ఉప్పు ఓడ పక్కన తాడు నిచ్చెన మీంచి పడి చనిపోయాడు. హెమ్రా మా రేవు లోత్స్‌మన్. బయట సముద్రంలో ఆగిన ఓడ దగ్గరికి చిన్న పడవలో పోయి, నిచ్చెన పట్టుకుని పైకెక్కి, ఇసుక తిన్నెలకి తగలకుండా ఓడని లోపలికి తెచ్చే మనిషిని అలా అంటాం. ఆ రోజు ఓడ మీంచి నిచ్చెన దించింది యాజ్లీ. సరిగా కట్టలేదని తప్పంతా అతని మీద పడింది. నావికుడి పుస్తకం లాక్కున్నారు, అది లేనివాణ్ణి ఏ ఓడా తీసుకోదు. ఇరవై రెండేళ్లవాడు గరబోగజ్ పోయి ఉప్పు తవ్వుకుంటూ ముప్పై మూడేళ్లవాడయ్యాడు.

ఆ నిచ్చెన అల్లింది నేను. రేవుకొచ్చే ఓడల నిచ్చెనలన్నీ అల్లేదీ, బాగుచేసేదీ, ఏటా పరీక్ష చేసి గుర్తు వేసేదీ నేనే.

అతను దిగిన మూడో రోజు పొద్దు బాగా ఎక్కాక టీ నీళ్లు మరుగుతుండగా మా వాకిట్లోకి వచ్చాడు. వసంతం మొదలు. గాలి సముద్రం మీంచి తిన్నగా కొడుతోంది. వాకిట్లో గెరెక్ ఎజె తందూరు రాజేస్తోంది. హెమ్రా తల్లి. ఎజె అంటే అమ్మ. మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఎజెనే. మా రెండిళ్లకీ కలిపి ఒకటే మట్టి తందూరు. నా భార్య పోయాక నా రొట్టె కూడా ఆమే కాలుస్తోంది. ఒంటెముళ్ల కంప విరిచి లోపల పడేస్తున్నదల్లా గేటు చప్పుడుకి తలెత్తి చూసింది. తలగుడ్డ కొస తీసి పళ్ల మధ్య పెట్టుకుంది. కొత్తకోడళ్లు మామగారి ముందు మాట్లాడకుండా ఉండటానికి అలా చేస్తారు. అరవై దాటిన ఎజెకి ఆ అవసరం లేదు. యాజ్లీతో మాట్లాడను అని చెప్పటం అది.

యాజ్లీకి అర్థమైంది. ఆమెకి వంగి సలాం చేసి, తిన్నగా నా తాళ్ల కొట్లోకి వచ్చాడు.

"కూర్చోరా" అన్నాను.

"కూర్చోమనే మాట తాడు అందుకున్నాక అనాల్సింది."

పియాలాలో టీ పోసి ముందు పెట్టాను. అందుకున్నాడు. వేళ్ల సందుల్లో తోలు తెల్లగా చీలికలు చీలికలుగా ఉంది.

"ఏంట్రా ఆ చేతులు?"

"గరబోగజ్‌లో ఉప్పు మనం తినం. అదే మనల్ని తింటుంది." నవ్వాడు. నవ్వు మాత్రం అప్పటిదే. "భయపడకు, ఇంకా ముడి వెయ్యగలను. కావాలంటే ఒక తాడు ఇయ్యి."

ఇవ్వలేదు. వాడికి ముడులు నేర్పింది నేనే. పదిహేనేళ్లప్పుడు వచ్చి ఈ కొట్లోనే, ఈ చాప మీదే కూర్చుని నేర్చుకున్నాడు. నేర్చుకున్నన్నాళ్లూ నన్ను పెద్దన్నని పిలిచినట్టు 'ఆగా' అనీ, 'మీరు' అనీ అన్నాడు. ఇప్పుడు 'నువ్వు' అంటున్నాడు. అనక ఏం చేస్తాడు.

"మధ్యాహ్నం క్రాస్నవోద్స్క్ పట్నం పడవలో విచారణ ఆయన వస్తున్నాడు" అన్నాడు. "పాత కాగితాలు మళ్లీ తెరుస్తానన్నాడు. సాక్షి ఉంటేనే. లేకపోతే అదే పడవలో నేను వెనక్కి. ఇంక ఈ జన్మకి ఓడ లేదు నాకు."

"సాక్షి ఎవరు?"

యాజ్లీ టీ తాగాడు. పియాలా కింద పెట్టాడు. "ఆగా, నేను నిచ్చెన ఎక్కడ కట్టాను?"

"నన్నడిగితే?"

"నువ్వు నేర్పినచోటే కట్టాను. డెక్కు మీది రింగులకి. రెండు తాళ్లు, రెండు రింగులు. పక్క కమ్మీకి కట్టానని రాశారు. కమ్మీకి కట్టేవాణ్ణా నేను? చూపిద్దామంటే ముడి లేదు. హెమ్రా కాలు నిచ్చెనలో చిక్కుకుంటే పైనున్నవాళ్లు గాభరాలో గొడ్డలితో తాళ్లు ముడుల మీదే నరికేశారు. నిచ్చెన మునిగిపోయింది. ముడీ పోయింది, మెట్లూ పోయాయి. మిగిలింది నేను. చేతికి దొరికింది నేనే కాబట్టి నన్ను పట్టుకున్నారు."

బయట ఎజె పిండి తడుతున్న చప్పుడు వినిపిస్తోంది. యాజ్లీ గొంతు తగ్గించాడు.

"ఆ శరత్కాలం ఆ నిచ్చెన నీ దగ్గరికి వచ్చింది. పరీక్ష చేసి గుర్తు వేసి పంపావు. తొమ్మిది రోజులకి హెమ్రా పడ్డాడు. ఒక్క మాట అడుగుతా. ఆ నిచ్చెన ఎలా ఉంది?"

పదకొండేళ్లుగా ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని ఎదురు చూశాను. ఎవరూ అడగలేదు. విచారణప్పుడు కూడా 'గుర్తు వేశావా' అన్నారు, 'వేశాను' అన్నాను. మాట అక్కడితో అయిపోయింది. అడగనిదానికి జవాబు చెప్పకపోతే అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకునేవాడికి నిద్ర పట్టదు. అది మాత్రం ఎవరూ చెప్పరు.

నిచ్చెన ఎలా ఉందో మీకు చెప్పాలంటే అలాజా సంగతి చెప్పాలి.

తెల్ల ఒంటెబొచ్చూ నల్ల ఒంటెబొచ్చూ కలిపి ఆడవాళ్లు సన్నటి తాడు పేనుతారు. అదే అలాజా. దిష్టి తగలకుండా పసిపిల్లల చేతికి కడతారు, పెళ్లి ఒంటె మెడకి కడతారు, కొత్తింటి గడపకి కడతారు. కట్టినవాళ్లే విప్పాలి. వేరేవాళ్లు విప్పితే కాపాడమని కట్టినదాన్ని తెంపినట్టు లెక్క.

ఆ ఏడు వసంతంలో ఉప్పు ఓడ నిచ్చెన నా కొట్లో పరిచి ఉన్నప్పుడు గెరెక్ ఎజె వచ్చింది. వారానికోసారి తన కొడుకు ఎక్కే నిచ్చెన. చేతిలో అలాజా. "నార్లీ, పడవలోంచి ఎక్కేటప్పుడు వాడి కాలు ముందు దేని మీద పడుతుంది?" అని అడిగింది. మూడో మెట్టు చూపించాను. సముద్రం ఎగిసిపడుతుంటుంది కాబట్టి కింది రెండు మెట్లూ తడిసి జారతాయి, లోత్స్‌మన్లు మూడోదాని మీదే కాలు పెడతారు. ఎజె చాప మీద కూర్చుని, పెదవులు కదుపుకుంటూ, ఆ మెట్టు కొసకి ఏడు చుట్లు బిగించి చుట్టింది. హెమ్రా అక్కడే ఉన్నాడు. ఎడమచేత్తో టీ తాగుతూ నవ్వుతున్నాడు. "అమ్మా, నన్ను కట్టెయ్యి దానికి, పడకుండా ఉంటాను" అన్నాడు. "ఎడమచెయ్యి దించు ముందు, పుర్రచేతి వెధవా, ఎవరైనా చూస్తే నవ్విపోతారు" అని ఎజె తిట్టింది.

ఆమె చుట్టింది మెట్టు కొసకి. మెట్టుకి రెండు కొసల్లోనూ బెజ్జాలుంటాయి, పక్కతాడు అందులోంచే పోతుంది. చెక్క పగిలితే పగులు ఎప్పుడూ బెజ్జం దగ్గరే పుడుతుంది. నిచ్చెన మెట్లకి రంగు వెయ్యొద్దని నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ చెప్పి తిట్టి కొట్టి నేర్పాను. రంగు పగులుని దాస్తుంది కాబట్టి. అలాంటివాణ్ణి, ఒక తల్లి బెజ్జం మీద ఏడు చుట్లు చుడుతుంటే పక్కన కూర్చుని టీ తాగాను.

శరత్కాలంలో పరీక్ష. ఒక్కో మెట్టూ కొయ్యసుత్తితో కొట్టి వింటాను. మంచి కరగచ్ చెక్క ఖంగుమంటుంది. ఒకటి, రెండు, ఖంగుమన్నాయి. మూడోది మోగలేదు. చెవిటిదానిలా ఊరుకుంది. మళ్లీ కొట్టాను. అలాజా చుట్టి ఉంది కదా, బొచ్చు చప్పుడుని మింగేసిందిలే అనుకున్నాను. బొటనవేలితో బెజ్జం తడిమి చూడాలి. చూడాలంటే అలాజా విప్పాలి. విప్పాలంటే ఎజెని పిలవాలి. పిలవటానికి ఎంతసేపు? గోడ అవతలే ఉంది. పిలిస్తే 'ఎందుకు' అంటుంది, 'మెట్టు మీద అనుమానం' అనాలి, కొడుకు సముద్రం మీద ఉండగా ఆ మాట అనటానికి నాకు నోరు రాలేదు. గుర్తు వేసేశాను.

ఇదంతా యాజ్లీకి చెప్పాను. చాప మీద చూపు పెట్టి చెప్పాను.

"చెప్తే ఎవరు నమ్ముతారు?" అన్నాడు యాజ్లీ. "నిచ్చెనే లేదుగా."

లేచి పెట్టె దగ్గరికి పోయాను. అడుగున, కంబళి గుడ్డలో చుట్టిన మూట. హెమ్రాని మట్టి చేసిన నాలుగో రోజు పొద్దున్న ఒడ్డున నడుస్తుంటే నాచులో కనిపించింది. మూడో మెట్టులో సగం. జానెడున్నర చెక్క. దానికి అలాజా అలాగే ఉంది. తీసుకొచ్చి, కళ్లు సగం మూసుకునే గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పడేశాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా విప్పలేదు. తాళ్లతో బతికినవాణ్ణి, ఆ తాడు వైపు చూడటానికి భయపడ్డాను.

మూట విప్పి యాజ్లీ ముందు పెట్టాను. అతను ముట్టుకోలేదు.

"ఇది నీ దగ్గరుందా" అన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "నేను గరబోగజ్‌లో ఉన్నన్నాళ్లూ ఇది ఇక్కడుందా. ఈ పెట్టెలో. నువ్వు రోజూ దీని పక్కన పడుకున్నావా."

"ఎజెకి తెలిస్తే బతకదనుకున్నాను. తను కట్టిన అలాజా పగులుని దాచిందని తెలిస్తే..."

"ఆమెని అడ్డం పెట్టుకోకు."

"పెట్టుకోలేదురా."

"సగం ఆమె కోసం, సగం నీ కోసం. నిజం చెప్పు."

"సగం కాదు" అన్నాను. "ముప్పాతిక నా కోసమే. గుర్తు నాది. జైల్లో వేసేవాళ్లు. అప్పుడు మా ఇంటిది మంచం మీద ఉంది, అది నీకు తెలుసు. ఆమె పోయాక చెప్దామనుకున్నాను. ఆమె పోయింది. అప్పటికి ఆలస్యమైపోయిందనుకున్నాను. అలా రోజూ ఇంకొంచెం ఆలస్యమవుతూ వచ్చింది."

యాజ్లీ తల ఊపాడు. కోపంగా కాదు. ఆ ఊపటం ఇప్పటికీ కళ్ల ముందు ఆడుతుంది. ఒక లెక్క తను వేసుకున్నదానికీ నేను చెప్పినదానికీ సరిపోయినట్టు ఊపాడు.

"మధ్యాహ్నం ఇది పట్టుకుని రేవు మీదికి వస్తావా?"

"వస్తాను."

"ఆమెకి?"

"నేనే చెప్తాను. పడవ రాకముందే చెప్తాను."

"ఏం చెప్తావు నార్లీ?" అని గుమ్మంలోంచి గొంతు వచ్చింది.

ఎజె నిలబడి ఉంది. చేతుల మీద గుడ్డ, గుడ్డలో వేడి రొట్టెలు. తలగుడ్డ కొస పళ్ల మధ్య లేదు. నేను కంబళి గుడ్డ లాగి చెక్క మీద కప్పబోయాను. యాభై ఏళ్లు దాటినవాణ్ణి, దొంగపిల్లాడిలా. అలాజా కొస బయటికి వేలాడుతూనే ఉంది. తెలుపూ నలుపూ.

"అది నాది" అంది ఎజె.

రొట్టెలు గట్టు మీద పెట్టింది. అంత తొందరలోనూ, రొట్టె బోర్లా పెడితే పాపమని, తిన్నగా చూసి పెట్టింది. వచ్చి చాప మీద కూర్చుంది. గుడ్డ తీసింది. చెక్కని ఒళ్లోకి తీసుకుంది.

"ఎక్కడ దొరికింది?"

"ఒడ్డున. అప్పుడే."

"అప్పుడే అంటే?"

"అప్పుడే, ఎజె."

ఆమె నా వైపు చూడలేదు. చెక్క విరిగిన వైపు వేలితో తడిమింది. ఆ విరుపు అలాజా కింద నుంచి మొదలై బయటికి వచ్చింది. సగం నల్లగా పాతది, సగం తెల్లగా కొత్తది. చెక్క సంగతి తెలియనివాళ్లకి కూడా అర్థమవుతుంది. నల్లగా ఉన్నంత మేరా ఎప్పట్నుంచో పగిలి ఉందన్నమాట.

"దీని కిందనేనా పగులు?"

"అవును."

"నా దారం కింద."

"నేను విప్పి చూడాల్సింది, ఎజె. చూడలేదు. మెట్టు మోగలేదు, అయినా గుర్తు వేశాను. నీ తప్పు లేదు ఇందులో. యాజ్లీ తప్పూ లేదు. అతను ముడి సరిగానే వేశాడు. తప్పు నాది."

పదకొండేళ్లు మోసిన మాటలు. ఇన్నే. ఇన్నేనా అనిపించింది. పొయ్యి మీద టీ నీళ్లు మరిగేంతసేపు పట్టలేదు చెప్పటానికి.

ఎజె ఏడుస్తుందనుకున్నాను. శాపం పెడుతుందనుకున్నాను. ఆమె చెక్కని వెలుగు వైపు తిప్పింది. పేనే ఆడవాళ్లు దారం నాణ్యం చూసేటప్పుడు తిప్పినట్టు తిప్పింది. చుట్లు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టింది. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

"ఆరున్నాయి" అంది.

"ఏంటి?"

"నేను ఏడు చుట్టాను. ఏడే చుడతాం. ఆరెవరు చుడతారు? పశువుకి కూడా ఆరు చుట్టం." ముడి దగ్గరికి పోయింది ఆమె వేలు. అక్కడ ఆగిపోయింది. "ఇది నేను కట్టింది కాదు నార్లీ."

"ఉప్పునీళ్లకి ఒక చుట్టు వదులై..."

"నేను కొస లోపలికి తోస్తాను. ఇది బయటికుంది. నా ముడి ఇటు తిరుగుతుంది. ఇది అటు తిరిగింది." ఎజె చెక్కని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "నా దారం ఎవరో విప్పారు. విప్పి, చూసి, మళ్లీ చుట్టారు. చుట్టటం రానివాడు చుట్టాడు. పుర్రచేత్తో చుట్టాడు."

నేను ముందుకి వంగి ఆ ముడి చూశాను. పదకొండేళ్లలో మొదటిసారి చూశాను. ముడులే నా బతుకు. ఒక్క చూపు చాలు. ఆ ముడి నాకు తెలుసు. తప్పువైపు తిప్పుతున్నావురా అని ఎన్నిసార్లు వెక్కిరించానో, 'నా చేతికి అదే ఒప్పువైపు ఆగా' అని ఎన్నిసార్లు నవ్వాడో. చుట్టి పెట్టిన రోజున నేను కళ్లు తెరిచి చూసి ఉంటే, పెట్టె అడుగున పడేసే బదులు ఆ రోజే తీసుకెళ్లి ఎజె ఒళ్లో పెట్టి ఉంటే...

"హెమ్రా" అంది ఎజె. పిలిచినట్టు అంది.

"వాడికి తెలుసు" అన్నాను నేను. అన్నాక నా మాటే నాకు అర్థం కాలేదు. "పగులు చూశాడు. చూసి మళ్లీ కప్పాడు. ఎందుకు కప్పాడు? నాకు చెప్తే ఒక గంటలో మెట్టు మార్చేవాణ్ణి. ఎందుకు చెప్పలేదు?"

యాజ్లీ పియాలా చేతుల్లో తిప్పుతున్నాడు. టీ ఎప్పుడో చల్లారిపోయింది.

"చెప్దామనే అనుకున్నాడు" అన్నాడు.

మేమిద్దరం అతని వైపు తిరిగాం.

"ఆ రోజు నేను ఒక్కణ్ణే నిచ్చెన దించుతుంటే కింద పడవలోంచి అరిచాడు. 'ఒరే యాజ్లీ, మూడో మెట్టు సంగతి ఇంకా ఎవరికీ చెప్పకు, సాయంత్రం నేనే పోయి నార్లీ ఆగాకి చెప్తా. ఓడ మీద పెద్దాయనకి తెలిస్తే ఆగా మెడకి చుట్టుకుంటుంది' అన్నాడు. నాకూ తెలుసనుకున్నాడు, నాకేం అర్థం కాలేదు. మూడో మెట్టేంటి అనుకున్నాను. ఆ పొద్దున్నే ఒకసారి ఎక్కి దిగాడు, అప్పుడే విప్పి చూసి ఉంటాడు. అతను దాన్ని దాటి నాలుగో మెట్టు మీదికి కాలు చాచాడు. సరిగ్గా అప్పుడే అల పడవని కిందికి లాగేసింది. కాలు అందలేదు. మూడోదాని మీదే పడింది."

ఎజె కళ్లు మూసుకుంది.

"ఇది విచారణలో చెప్పావా?" అని అడిగాను.

"లేదు."

"ఎందుకు చెప్పలేదురా? ఆ ఒక్క మాట చెప్తే నువ్వు..."

"చెప్తే మూడో మెట్టుకి గుర్తు వేసిందెవరని అడుగుతారు." యాజ్లీ మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "మీరు చెప్తారనుకున్నాను. ఇవాళ చెప్తారు, రేపు చెప్తారు అని చూశాను. గరబోగజ్‌లో ఉత్తరాల బండి వచ్చినప్పుడల్లా చూశాను. మొన్న తాడు విసిరినప్పుడు కూడా, పట్టుకుంటారేమో అని మీ వైపే విసిరాను."

మళ్లీ 'మీరు' అన్నాడు. 'నువ్వు' అన్నప్పుడు గుండె అంత నొప్పిపుట్టలేదు.

దూరంగా, చాలా దూరంగా, పడవ కూత వినిపించింది. క్రాస్నవోద్స్క్ పడవ మలుపు దగ్గర కూసే మొదటి కూత. ఇంక అరగంట కూడా లేదు. నేను లేచాను. చెక్క కోసం చెయ్యి చాచాను.

"ఇయ్యి ఎజె. నేను తీసుకెళ్తాను. అన్నీ చెప్తాను."

ఆమె ఇవ్వలేదు.

"అన్నీ అంటే?" అంది.

"అన్నీ. గుర్తు సంగతి, అలాజా సంగతి..."

"ముడి సంగతి?"

నేను చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నా కొడుకుకి పగులు తెలుసని రాస్తారు. తెలిసీ దాచాడని రాస్తారు. అలాంటి నిచ్చెన వేరేవాళ్లు కూడా ఎక్కుతారని తెలిసీ నోరు మూసుకున్నాడని రాస్తారు. అంతేనా?"

"ఒక్క పూటే దాచాడు ఎజె" అన్నాడు యాజ్లీ. "సాయంత్రం చెప్పేవాడే."

"చచ్చినవాడికి సాయంత్రం ఉండదు నాయనా." యాజ్లీతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. కోపం లేదు. "మొన్న నీ తాడు ఎవరూ అందుకోలేదు. నాకు తెలుసు, నేనూ చూశాను, నేనూ మొహం తిప్పుకున్నాను. నన్ను క్షమించు. కానీ నువ్వు బతికున్నావు. మళ్లీ విసరగలవు. వాడు విసరలేడు."

రొట్టెలున్న గుడ్డ కొస పట్టుకుని లాగింది. రొట్టెలు గట్టు మీద మిగిలిపోయాయి. ఆ గుడ్డలో చెక్కని చుట్టింది. పసిపిల్లాణ్ణి చుట్టినట్టు, కాళ్ల వైపు ముందు మడిచి, తల వైపు తర్వాత మడిచి చుట్టింది. లేచి నా పక్కనుంచి, యాజ్లీ పక్కనుంచి నడిచి వాకిట్లోకి పోయింది.

మేం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాం. మా ఊళ్లో తల్లి చేతిలోంచి ఏదీ లాక్కోరు. అది నాకూ తెలుసు, యాజ్లీకీ తెలుసు. అతని పేరు, అతని ఓడ, పదకొండేళ్లు, అన్నీ ఆ గుడ్డలో ఉన్నాయి. అయినా అతని కాలు కదల్లేదు. నన్ను చూశాడు. ఈసారైనా ఏదైనా చేస్తావా అన్నట్టు చూశాడు.

తందూరు ముందు ఎజె ఆగింది. రొట్టెలు కాల్చాక మూత పెట్టింది కాబట్టి లోపల నిప్పులు ఇంకా ఎర్రగానే ఉంటాయి, ఎండిన చెక్క పడేస్తే చిటికెలో బూడిదవుతుంది.

రేవు వైపు నుంచి రెండో కూత వచ్చింది. ఎజె మూట చంకలో పెట్టుకుని, వంగి, తందూరు మూత తీసింది.